అల్లరి చేసినవారు, అల్లరిపాలైనవారు

చిరంజీవి మనుమరాలికి చిన్నతాత ఆశీర్వదించి వ్రాయునది.

యాభై ఏళ్ళ కిందట ఒకే తరగతి గదిలో చదువుకున్నవారు డెబ్బయ్యో ఏడు దాటాక తిరిగి ఒకచోట చేరడాన్ని తెలుగునాట ఇప్పుడు పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం అంటున్నారు. సెల్‌ఫోను ఇంటింటికీ వచ్చాక ఈ సమ్మేళనాలు పెరిగి, వాటికొక స్థిరమైన క్రమం కూడా ఏర్పడింది: ముందు వాట్సాప్ గ్రూపులో పేర్లు పోగవుతాయి, తలా ఇంత అని చందా వేసుకుంటారు, కళాశాల గేటుకు ఫ్లెక్సీ కడతారు, ఆ రోజు పొద్దున్న ఉపాహారం అయ్యాక జ్యోతి వెలిగించి, కాలధర్మం చెందిన మిత్రుల కోసం రెండు నిమిషాలు మౌనం పాటించి, బతికి ఉన్న అధ్యాపకులకు శాలువాలు కప్పి, ఒక్కొక్కరూ మైకు ముందుకు వచ్చి ఎక్కడ ఉద్యోగం చేసి ఎప్పుడు రిటైరయ్యారో, పిల్లలు ఏ దేశంలో ఉన్నారో చెప్పుకుని, భోజనాల తర్వాత గ్రూపు ఫొటో దిగి విడిపోతారు. ఈ క్రమంలో గతాన్ని తలచుకోవడానికి కావలసినంత చోటు ఉంది గాని, గతానికి జవాబు చెప్పుకోవడానికి చోటు లేదు. చిరంజీవి ఉత్తరంలో అడిగిన సలహా ఈ లేని చోటు గురించే కనుక, నాలుగు ముక్కల్లో బదులు రాయడం సాధ్యం కాలేదు. ఈ లేఖ కొంత పొడుగవుతుంది, ఓపికగా చదవాలి.

విషయాన్ని ముందు స్పష్టంగా ఎదట పెట్టుకోవడం మంచిది. గోదావరి జిల్లాలోని ఒక కళాశాలలో 1972లో బి.ఎస్సీ. మొదటి సంవత్సరంలో చేరి 1975లో బయటికి వచ్చిన బ్యాచిలో తాతగారు ఒకరు. బి.జెడ్.సి., అంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసిన గ్రూపులో, ఆ ఏడు చేరిన ఆడపిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది. రెండో సంవత్సరంలో ఒక సోమవారం పొద్దున గది తలుపు తీసేసరికి నల్లబల్ల మీద వారిలో ఒకరి పేరూ మరొక విద్యార్థి పేరూ పెద్ద అక్షరాలతో జంటగా రాసి ఉన్నాయి. తర్వాత నాలుగు రోజులు తుడిచినకొద్దీ మళ్ళీ రాశారు, మెట్ల గోడకూ సైకిలు స్టాండుకూ పాకించారు. వారం తిరక్కుండా సంగతి ఊళ్ళోకి వెళ్ళింది. తండ్రి వచ్చి టి.సి. తీసుకుపోయాడు, ఆ వేసవిలోనే దూరపు సంబంధం చూసి పెళ్ళి చేసేశారు. బల్ల మీద రాసిన చేతుల్లో తన చెయ్యి ఒకటని తాతగారే ఈమధ్య మనుమరాలి దగ్గర ఒప్పుకున్నారు. సంక్రాంతి వెళ్ళిన ఆదివారం జరగబోయే స్వర్ణోత్సవ సమ్మేళనంలో మైకు ముందు నిలబడి ఈ సంగతి చెప్పి, ఆమెను పేరు పెట్టి పిలిచి క్షమాపణ కోరాలని ఆయన సంకల్పం. ఆమెను వెతికించి సభకు రప్పించాలనీ, ఆ ఘట్టాన్ని వీడియో తీయాలనీ చిరంజీవి ఆలోచన. సంకల్పం మంచిది, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. సభ మాత్రం దానికి తగిన చోటు కాదు, వీడియో అసలే తగదు. ఎందుకు తగదో వివరించడమే ఈ లేఖ పని.

ఆనాటి కాలం తెలియకపోతే ఆ నాలుగు రోజుల బరువు ఈనాటివారికి అందదు. 1971 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 16 శాతానికి కూడా చేరలేదు. నూటికి ఎనభైమందికి పైగా ఆడవాళ్ళు తమ పేరు తాము రాసుకోలేని రాష్ట్రంలో, ఒక ఆడపిల్ల డిగ్రీ రెండో ఏడు దాకా వచ్చిందంటే ఆమె వెనుక ఒక తండ్రి మొండితనమో, ఒక తల్లి కుదువపెట్టిన గొలుసో ఉండి తీరుతుంది. ‘ఆడపిల్లకు అంత చదువెందుకు’ అన్న బంధువులందరినీ కాదని పంపిన ఇల్లు అది. అటువంటి ఇంటికి నల్లబల్ల మీది రాత చేరితే, రాసింది నిజమా అబద్ధమా అని ఎవరూ అడగరు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఒకరు అంటారు, ముల్లొచ్చి ఆకు మీద పడినా ఆకెళ్ళి ముల్లు మీద పడినా చిరిగేది ఆకేనని మరొకరు అంటారు, ఆ రెండు సామెతల మధ్య పిల్ల చదువు ముగిసిపోతుంది. జంటగా పేరు రాయబడ్డ విద్యార్థి మాత్రం మర్నాడు కూడా తరగతికి వచ్చాడు, 1975లో పట్టా పుచ్చుకున్నాడు. కళాశాల వారికి అప్పట్లో దీన్ని పట్టించుకునే తీరికా లేదు, చట్టమూ లేదు. ముల్కీ నిబంధనలు, అంటే పాత హైదరాబాదు సంస్థానంలో పదిహేనేళ్ళు నివాసం ఉన్నవారికే స్థానికులుగా సర్కారు ఉద్యోగాలు దక్కాలన్న నియమాలు, చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పాక కోస్తా అంతటా జై ఆంధ్ర ఉద్యమం లేచి, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చేదాకా పోయింది. కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి. ఆ తర్వాత పాఠాలు పూర్తిచేయడమే గగనమైన రోజుల్లో అధ్యాపకుడు బల్ల తుడిచి పాఠం మొదలుపెట్టడం తప్ప మరేమీ చేయలేదు. విద్యార్థులు విద్యార్థులను వేధించడం నేరమని చెప్పే ర్యాగింగ్ నిషేధ చట్టం ఈ రాష్ట్రంలో 1997లో గాని రాలేదు. అంతవరకు దానికి ఉన్న పేరు ఒక్కటే, అల్లరి.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే సమ్మేళనాల్లో మైకు ముందుకు వచ్చిన ప్రతివారి నోటా ముందు వచ్చేది ఇదే: ఆ రోజుల్లో ఎంత అల్లరి చేశామో అని. తెలుగులో ఈ మాటకు రెండు ముఖాలున్నాయి. ‘అల్లరి చేయడం’ అంటే కొంటెపని, పెద్దలు కసిరినా లోలోపల మురిసే పని. పసిపిల్లవాడు అల్లరి చేస్తాడు, కృష్ణుడు రేపల్లెలో అల్లరి చేశాడు. ‘అల్లరి పడడం’, ‘అల్లరిపాలు కావడం’ అంటే నలుగురి నోళ్ళలో పడి పరువు పోవడం, తల ఎత్తుకుని వీధిలో నడవలేకపోవడం. పక్కన చేరిన క్రియ ఒక్కటి మారితే చాలు, ఆట అన్న అర్థం పోయి అవమానం అన్న అర్థం వస్తుంది. 1973లో ఆ నల్లబల్ల ముందు తాతగారూ ఆయన మిత్రులూ అల్లరి చేశారు, ఆ పిల్ల అల్లరిపాలైంది; జరిగింది ఒకటే సంఘటన, దానికి భాష ఇచ్చింది కూడా ఒకటే మాట. చేసినవారు ఆ మాటను యాభై ఏళ్ళుగా మొదటి అర్థంలోనే వాడుతూ వచ్చారు. తాతగారికి ఇప్పుడు రెండో అర్థం వినిపించడం మొదలైంది, ఆయన నిద్ర పట్టని రాత్రులకు కారణం అదే.

తెలుగు మాటలో దాగి ఉన్న ఈ తేడానే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బౌమైస్టర్, మరి ఇద్దరు సహచరులతో కలిసి 1990లో ప్రచురించిన అధ్యయనంలో మరో తీరుగా చూపించారు. వారు ఒక్కొక్కరి చేత రెండు కథనాలు రాయించారు: తనకు ఎవరో కోపం తెప్పించిన సంఘటన ఒకటి, తాను ఎవరికో కోపం తెప్పించిన సంఘటన మరొకటి. తప్పు చేసినవారిగా రాసినప్పుడు జనం దాన్ని అక్కడితో ముగిసిపోయిన విడి సంఘటనగా, అప్పటి పరిస్థితుల వల్ల జరిగినదిగా, ఇప్పుడు అంతా సర్దుకున్నట్టుగా రాశారు. బాధపడినవారిగా రాసినప్పుడు మాత్రం దాని పర్యవసానాలు ఇంకా సాగుతున్నట్టూ, ఎదుటివారు ఎందుకు అలా చేశారో ఇప్పటికీ అంతుపట్టనట్టూ రాశారు. రెండు కథనాలూ రాసింది ఒకే మనుషులు కనుక, ఇది మంచివారికీ చెడ్డవారికీ మధ్య ఉన్న తేడా కాదు, నిలబడ్డ చోటులో ఉన్న తేడా. దీన్నిబట్టి చిరంజీవి గ్రహించవలసిన సంగతి ఒకటుంది. తాతగారు సభలో చెప్పబోయే కథ ఎంత నిజాయితీగా చెప్పినా చేసినవారి కథే అవుతుంది, అందులో మొదలు నల్లబల్ల, చివర క్షమాపణ ఉంటాయి. ఆమె కథకు మొదలు ఎక్కడో, చివర ఉందో లేదో సభలో ఉన్న ఎవరికీ తెలియదు.

ఇంకొక చిక్కు జ్ఞాపకానిది. మనిషి వృద్ధాప్యంలో వెనక్కి తిరిగి చూసినప్పుడు పది నుంచి ముప్ఫై ఏళ్ళ వయసు మధ్య జరిగినవే ఎక్కువగా, తేటగా గుర్తుకు వస్తాయని పరిశోధకులు చాలాకాలంగా గమనిస్తున్నారు. తెలుగులో దీన్ని స్మృతి శిఖరం అనుకోవచ్చు. తాతగారికి నిరుడు జరిగిన పెళ్ళి భోజనం గుర్తులేకపోయినా, 1973 నాటి సుద్దముక్క రంగు గుర్తుండడం అందువల్లనే. అయితే తేటగా గుర్తుండడం వేరు, సరిగ్గా గుర్తుండడం వేరు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడే ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ విద్యార్థుల చేత, ఆ వార్త తమకు ఎక్కడ ఎలా తెలిసిందో రాయించి దాచారు. సుమారు రెండున్నరేళ్ళ తర్వాత వారిలో 44 మందిని మళ్ళీ అదే అడిగితే 11 మంది చెప్పిన ముఖ్య వివరాల్లో ఒక్కటీ మొదటి కాగితంతో సరిపోలలేదు, అయినా చాలామంది తమ జ్ఞాపకం మీద గట్టి నమ్మకంతో ఉన్నారు. రెండున్నరేళ్ళకే అలా ఉంటే యాభై ఏళ్ళ తర్వాత సుద్దముక్క మొదట పట్టింది ఎవరో, పేర్లు రాద్దామన్నది ఎవరో, ఎవరు వద్దన్నారో తేల్చిచెప్పడం ఎవరి తరం? పైగా ఆ బ్యాచిలో కొందరు కాలం చేశారు. సమ్మేళనంలో పాత తప్పుల ప్రస్తావన వస్తే అది తెలియకుండానే చనిపోయినవారి మీదికి జారుతుంది, ఎందుకంటే గోడకు వేలాడే ఫొటో లేచి నిలబడి కాదనదు. తాతగారు తన చేతికి మాత్రమే పూచీ పడాలి. ఎవరికైనా ఎప్పుడైనా చెప్పవలసి వస్తే ‘మేమంతా’ అన్న మాట రాకూడదు, మరొక పేరు అసలే రాకూడదు.

ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడే ఎందుకు అని ఇంట్లో కొందరు విసుక్కుంటున్నట్టు చిరంజీవి రాసింది. ముసలితనంలో మనిషి పాత సంగతులను పదేపదే తవ్వుకోవడాన్ని చాదస్తమని లోకం అనుకుంటున్న రోజుల్లో, అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో రాసిన వ్యాసంలో దానికి జీవన సమీక్ష అని పేరు పెట్టి, మరణం దగ్గరపడుతోందన్న ఎరుకతో మనసు తన లెక్కలు తాను చూసుకోవడం సహజమైన పని అని వాదించాడు. ఆ సమీక్ష కొందరికి నెమ్మదిని, కొందరికి తీరని పశ్చాత్తాపాన్ని ఇస్తుందని కూడా ఆయన హెచ్చరించాడు. తాతగారిని ఊరుకోబెట్టడం కాని, ‘అయిందేదో అయింది, ఇప్పుడెందుకు’ అని నోరు నొక్కడం కాని ధర్మం కాదు. ఆయన చెప్పేది ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని పూర్తిగా వినాలి, ఆ ఒకరు మనుమరాలే కావడం ఆయన అదృష్టం. అయితే వినేటప్పుడు ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోవడం, ఆయన మీద తీర్పు చెప్పడం రెండూ తగవు. చిరంజీవి ఉత్తరంలో మొదటి పేజీ అంతా తాతగారి మీద కోపం, రెండో పేజీ అంతా ఆయనను ఎలాగైనా బయటపడేయాలన్న ఆరాటం కనిపిస్తున్నాయి; రెండూ ప్రేమలోంచి వచ్చినవే గాని, వీడియో ఆలోచన ఆ ఆరాటంలోంచే పుట్టింది.

చదువుకున్నచోటి స్నేహితులు చాలాకాలానికి తిరిగి కలుసుకోవడం గురించి తెలుగువారికి ఉన్న రెండు గొప్ప కథలనూ ఈ సందర్భంలో పక్కపక్కన పెట్టి చూడాలి. గోదావరి ఒడ్డునే రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దంలో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో ద్రోణ ద్రుపదుల కథ ఉంది. ఇద్దరూ కలిసి విలువిద్య నేర్చుకున్నవారు. కొడుక్కి పాలు కూడా పోయలేని పేదరికంలో ద్రోణుడు రాజైన ద్రుపదుడి దగ్గరికి వెళ్ళి పాత చెలిమి గుర్తుచేస్తే, రాజుకూ పేదకూ స్నేహమేమిటని ద్రుపదుడు నిండు సభలో తీసిపారేశాడు. ద్రోణుడు ఆ మాటను మింగి, ఏళ్ళ తరబడి శిష్యులను తయారుచేసి, అర్జునుడి చేత ద్రుపదుణ్ణి కట్టి తెప్పించి, సగం రాజ్యం లాక్కుని, ఇప్పుడు సమానులమయ్యాం కనుక స్నేహితులమే అన్నాడు. ద్రుపదుడు ఆ అవమానంతో యజ్ఞం చేసి ద్రోణుణ్ణి చంపే కొడుకును కన్నాడు, కురుక్షేత్రంలో ధృష్టద్యుమ్నుడు ఆ పని పూర్తిచేశాడు. ఈ కథలో గమనించవలసినది పగ ఒక్కటే కాదు. మొదటి అవమానం సభలో జరిగింది, దాని పరిహారం కూడా శిష్యుల ఎదుట, బహిరంగంగానే జరిగింది, ఆ బహిరంగత వల్లనే పరిహారం మరో అవమానమైంది. నలుగురి ముందు జరిగిన తప్పును నలుగురి ముందే సరిదిద్దాలన్న వాదం న్యాయంగానే వినిపిస్తుంది. కాని ఆ నలుగురు రెండోసారి కూడా చోద్యం చూసేవారే.

రెండోది కుచేలుడి కథ, పోతన భాగవతం దశమ స్కంధంలోది. అందులో కృష్ణుడు చిన్ననాటి స్నేహితుణ్ణి చూడగానే ఎదురు వెళ్ళి కౌగిలించుకుని, కాళ్ళు కడిగి కూర్చోబెట్టాక, ఇంత పేదవాడివి ఎలా అయ్యావని గాని, ఏం పని మీద వచ్చావని గాని అడగలేదు. సాందీపని దగ్గర చదువుకునే రోజుల్లో గురుపత్ని పంపగా కట్టెల కోసం అడవికి వెళ్ళి, గాలివానలో దారి తప్పి, రాత్రంతా చీకట్లో తిరిగితే తెల్లవారి గురువే వెతుక్కుంటూ వచ్చిన సంగతి తలచుకున్నాడు. ఇద్దరూ కలిసి పడ్డ కష్టాన్ని ముందు మాట్లాడి, ఆ తర్వాతే మూటలోని అటుకులు అందుకున్నాడు. కుచేలుడు నోరు తెరిచి ఏదీ అడగలేదు, కృష్ణుడు ఇచ్చినదాన్ని నోరు తెరిచి చెప్పనూ లేదు. కుచేలుడు ఇంటికి వెళ్ళి చూసుకుంటే గాని తెలియలేదు. సమ్మేళనం నడిపేవారికి ఈ కథలో ఒక పనికొచ్చే పద్ధతి ఉంది: ఎవరు ఏ పదవిలో రిటైరయ్యారన్న వరస తీసేసి, ఎవరికి ఏ రోజు గుర్తుందో చెప్పుకోమంటే, మధ్యలో చదువు మానినవారూ, చిన్న ఉద్యోగాలతో సరిపెట్టుకున్నవారూ మైకు చూసి వెనక వరసలోకి తప్పుకోరు.

తాతగారి సంకల్పానికి శాస్త్రం తోడు కూడా ఉందని ఎవరో ఆయనకు చెప్పినట్టుంది. మనుస్మృతి పదకొండవ అధ్యాయంలో పాప విమోచన మార్గాలను చెబుతూ ఖ్యాపనం అనే దాన్ని మొదట పేర్కొన్నమాట నిజమే. ఖ్యాపనం అంటే చేసిన పాపాన్ని దాచుకోకుండా వెల్లడించడం. దాని వెంటనే అనుతాపం, అంటే పశ్చాత్తాపం, ఉంది. కాని ఖ్యాపనం చేసేవాడు వెల్లడించేది తన పాపాన్ని, తనదైనదాన్ని. నల్లబల్ల మీద ఉన్నది తాతగారి పేరు కాదు. ఆయన మైకు ముందు ఈ కథ చెప్పగానే సభలో ఉన్నవారందరి తలల్లో మెదిలేది ఆమె పేరే, ఆనాటి జంట పేరే. మరిచిపోయినవారికి గుర్తు చేసినట్టవుతుంది, తెలియని కోడళ్ళకూ మనవలకూ కొత్తగా తెలియజేసినట్టవుతుంది. ఆమె భర్తకు, కొడుకులకు ఈ సంగతి తెలుసో లేదో ఎవరికీ తెలియదు. తెలియకూడదని ఆమె యాభై ఏళ్ళు కాపాడుకుని ఉంటే, మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టే సభలో, ఫోనులో పడి ఊరూరా తిరిగే వీడియోలో, ఆమె రెండోసారి అల్లరిపాలవుతుంది. తాతగారి మనసు తేలికపడడానికి ఆమె మళ్ళీ వెల చెల్లించడం ఏ శాస్త్రమూ ఒప్పని పని.

కాబట్టి ముందు చేయవలసినది వెతకడం, అదీ చప్పుడు లేకుండా. గ్రూపులో ఉన్న పేర్ల జాబితాను తయారుచేసినవారు 1975 నాటి గ్రూపు ఫొటో చూసి తయారుచేశారని చిరంజీవి రాసింది. ఆ ఫొటో ఈ ఇంట్లోనూ ఒకటి ఉంది. దళసరి అట్టకు అంటించిన నలుపు తెలుపు బొమ్మ. మధ్యలో కుర్చీలో ప్రిన్సిపాల్, అటూ ఇటూ అధ్యాపకులు, కుడిచివర కుర్చీల్లో చీరలు కట్టుకున్న నలుగురు అమ్మాయిలు చేతులు ఒళ్ళో పెట్టుకుని, వెనక మూడు వరసల్లో బల్లల మీద నిలబడ్డ అబ్బాయిలు. కింద అట్ట మీద చిన్న అచ్చుతో కూర్చున్నవారు, నిలబడ్డవారు అని ఎడమనుంచి కుడికి పేర్లు. ఐదో అమ్మాయి ఆ ఫొటోలో లేదు, అప్పటికి ఏడాది కిందటే వెళ్ళిపోయింది. ఫొటో నుంచి జాబితా, జాబితా నుంచి గ్రూపు, గ్రూపు నుంచి ఆహ్వానం పుట్టాయి కనుక, ఆమెను వద్దని ఎవరూ అనకుండానే ఆమె లేకుండా పోయింది. చదువు మధ్యలో ఆగిన ప్రతివారి గతీ ఇదే, ఫీజు కట్టలేక మానినవారిదీ ఇదే. సమ్మేళనం జాబితా ఎప్పుడూ ఆఖరి ఏడాది ఫొటో చూసి రాయకూడదు, మొదటి ఏడాది అడ్మిషన్ రిజిస్టరు చూసి రాయాలి. చిరంజీవి ఈ ఒక్కమాట సంఘం పెద్దల చేత ఒప్పించగలిగితే ఆమె పేరు ఏ కథా చెప్పకుండానే జాబితాలోకి వస్తుంది, ఆమెతో పాటు మరికొందరివీ వస్తాయి.

వెతికే పని మగవారి చేతికి ఇవ్వకూడదు. ఫొటోలో కుర్చీల్లో ఉన్న ఆ నలుగురిలో ఇద్దరు ఇంకా ఆరోగ్యంగా ఉన్నారని తాతగారి మాట. వారిలో ఒకరికి ఆమె పుట్టిల్లు తెలిసి ఉంటుంది. పెళ్ళితో ఇంటిపేరు మారి ఉంటుంది, ఊరు మారి ఉంటుంది, పాత ఊళ్ళో తమ్ముడో మరదలో ఉంటే వారి ద్వారా ‘చదువుకున్నప్పటి స్నేహితురాలు అడుగుతోంది’ అని తెలుసుకోవడం అన్నివిధాలా సహజంగా ఉంటుంది. గ్రూపులో ఆమె పేరు పెట్టి ‘ఎవరికైనా తెలిస్తే చెప్పండి’ అని అడగడం వద్దు. ఫోను నంబరు దొరికినా వెంటనే తాతగారు ఫోను చేయడం వద్దు, ఎందుకంటే ఆ ఫోను మనవడి చేతిలో ఉండవచ్చు, స్పీకరులో ఉండవచ్చు. ఆమె బతికి లేదని తెలిస్తే అంతటితో ఆగాలి. ఆమె పిల్లల దగ్గరికి వెళ్ళి తల్లి గురించి కొత్త కథ చెప్పే హక్కు ఎవరికీ లేదు, ఆ బరువు తాతగారు మోయవలసినదే.

దొరికితే ఉత్తరం. అది తాతగారే చేత్తో రాయాలి, ఒక పేజీ దాటకూడదు. అందులో జరిగిన కథంతా తిరిగి చెప్పకూడదు. ఆమెకు తెలియనిది ఏదీ లేదు. నల్లబల్ల మీద రాసిన చేతుల్లో తనది ఒకటని, అది తప్పని అప్పుడే తెలిసీ చేశానని, దానివల్ల చదువు పోయిందని తెలుసునని, క్షమించమని అడగడానికి కూడా తనకు హక్కు ఉందనుకోవడం లేదని, జవాబు రాయనక్కరలేదని, ఆమె ఏదైనా చెప్పదలచుకుంటే వినడానికి ఎప్పుడైనా ఎక్కడికైనా వస్తానని ఉంటే చాలు. మన పెద్దలు వ్రతం చివర తెలిసీ తెలియక చేసిన తప్పులు మన్నించమని దేవుణ్ణి వేడుకుంటారు, వీడ్కోలు సభల్లోనూ తెలిసో తెలియకో ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించమంటారు. దేవుడికి ఆ మాట సరిపోతుంది, ఆయనకు ఏ తప్పో ఎంత తప్పో విడమరచి చెప్పనక్కరలేదు. ఈ ఉత్తరంలో ‘తెలిసో తెలియకో’ అన్నమాట పడితే, ‘ఒకవేళ’ అన్నమాట పడితే, ‘ఆ కాలం అలాంటిది’ అన్న వాక్యం పడితే, ఉత్తరం చింపేసి మళ్ళీ రాయాలి. సమ్మేళనం సంగతి అందులో ఒక్క ముక్క కూడా ఉండకూడదు. ఉంటే, ఆమె రాకకోసమే ఇదంతా రాసినట్టు కనిపిస్తుంది.

జవాబు రాకపోవచ్చు. రాకపోవడమే జవాబు అనుకుని, రెండో ఉత్తరం రాయకుండా ఉండడం తాతగారికి అన్నిటికన్నా కష్టమవుతుంది, అక్కడ చిరంజీవి సాయం ఆయనకు కావాలి. కోపంగా జవాబు వస్తే దాన్ని చదివి దాచుకోవాలి, వాదించకూడదు. రమ్మంటే, ఆమె చెప్పిన చోటికి, చెప్పిన వేళకు, ఆ పాత స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. చిరంజీవి కారు నడపవచ్చు గాని లోపలికి వెళ్ళకూడదు. అక్కడ తాతగారు మాట్లాడవలసింది కొంచెం, వినవలసింది ఎక్కువ. అన్నాళ్ళూ ఆమె ఏమి చదివింది, ఏమి చదవలేకపోయింది, పిల్లలను ఎలా చదివించుకుంది, అవన్నీ ఆమె చెబితే వినాలి, చెప్పకపోతే అడగకూడదు. ఆమె పేరున విద్యార్థి వేతనమో బహుమతో పెట్టిద్దామన్న ఆలోచన ఆమె నోట వస్తే తప్ప తాతగారి నోట రాకూడదు.

ఇంత రాశాక మరొక సంగతి దాచడం సరికాదు. 1973లో ఈ చిన్నతాత అదే ఆవరణలో ఇంటర్మీడియట్ చదువుతుండేవాడు. బల్ల మీద రాసినవారిలో లేడు. కిటికీ చువ్వలు పట్టుకుని చూసి, ఇంటికి వచ్చి వీధి అరుగు మీద నలుగురు పెద్దల ముందు ఆ పేర్లు చదివి నవ్వించినవాడు మాత్రం ఇతడే. ఆ నలుగురిలో ఒకరు ఆమె తండ్రికి దూరపు బంధువు. సుద్దముక్క పట్టిన చెయ్యి తాతగారిది, బల్ల మీది రాతను గది దాటించి ఊళ్ళోకి తెచ్చిన నోరు చిన్నతాతది. అన్నదమ్ములిద్దరూ ఈ యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా దీన్ని గురించి మాట్లాడుకోలేదు. చిరంజీవి ఉత్తరం వచ్చిన రాత్రి మొదటిసారి ఫోనులో మాట్లాడుకున్నారు. ఎక్కువ సేపు ఎవరికీ మాట రాలేదు. అందువల్ల ఈ సలహా ఒడ్డున నిలబడి చెప్పినది కాదని చిరంజీవి గ్రహించాలి. ఉత్తరాలు ఒకటి కాదు రెండు వెళ్ళాలి, వేరువేరు కాగితాల మీద, ఒకే కవరులో.

సమ్మేళనం రోజున తాతగారు మైకు ముందుకు రాకుండా ఉండనక్కరలేదు. ఆ తరగతిలో చేరి పూర్తిచేయలేకపోయినవారి పేర్లు రిజిస్టరు నుంచి ఆయన చేతే చదివించవచ్చు, మగవారివీ ఆడవారివీ కలిపి, కారణాలు చెప్పకుండా, వరసలో ఎలా ఉంటే అలా. ఎవరికి తెలియవలసినది వారికి తెలుస్తుంది.

కవరు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. పంపినవారి చిరునామా దగ్గర తాతగారి పేరు ఉంటే ఆ ఇంట్లో ఎవరీయన అన్న ప్రశ్న వస్తుంది. కనుక ఆ స్నేహితురాలిని అడిగి, ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ పేరే రాయాలి, కవరు ఆవిడ ఊరి నుంచే వెళ్ళాలి. సంతకం పెట్టించుకుని ఇచ్చే తపాలా వద్దు, కొరియరు వద్దు. మామూలు బిళ్ళ అంటించి పోస్టు డబ్బాలో వేస్తే చాలు. సంక్రాంతిలోగా అందాలన్న తొందర పెట్టుకోవద్దు, ఆ సభకూ ఈ ఉత్తరానికీ సంబంధం లేదు. చిన్నతాత కాగితం ఈ లేఖతో పాటే పంపుతున్నాడు. చిరంజీవి దాన్ని చదవవచ్చు, చదివి అందులో ‘తెలిసో తెలియకో’ లాంటి మాట ఎక్కడైనా కనిపిస్తే తిప్పి పంపాలి.

ఆశీస్సులతో,
చిన్నతాత